వణుకు లేని గొంతు

మార్చి 3, సోమవారం

ఈరోజు మళ్ళీ చచ్చాను. గొంతు కోస్తే ఒకసారి, మెట్ల మీంచి తోస్తే ఒకసారి, బాత్‌టబ్బులో ముంచితే ఒకసారి. తెర మీద ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురికీ గొంతు నాదే. ఎలాగూ చచ్చేవాళ్ళకి వేరువేరు గొంతులెందుకని నిర్మాత ఉద్దేశం. ఆ ముగ్గురికీ స్క్రిప్టులో పేర్లు కూడా లేవు. విక్టిమ్ వన్, విక్టిమ్ టూ, విక్టిమ్ త్రీ. చంపేవాడికి మాత్రం పేరుంది, చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ ఉంది, వయొలిన్ ఉంది, పెంచుకునే గుడ్లగూబ కూడా ఉంది.

డైరెక్టర్‌కి పాతికేళ్ళుంటాయేమో. మెడలో హెడ్‌ఫోన్లు, మొహంలో అరువు తెచ్చుకున్న దిగులు. నా అరుపు బాగుందట, కానీ అందులో ఈవిల్ వినిపించడం లేదట. అరిచేది నేను నాయనా, ఈవిల్ ఆ కత్తి పట్టుకున్నవాడి దగ్గర కదా ఉండాలి అన్నాను. నవ్వలేదు. చెడు అనేది ఒక పురాతనమైన చీకటి అనీ, అది చచ్చేవాళ్ళ గొంతులోంచి ప్రతిధ్వనించాలనీ చాలాసేపు చెప్పాడు. బయట ఎండగా ఉంది, లోపల ఏసీ ఉంది. కాబట్టి విన్నాను.

డబ్బింగ్‌లోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. స్టూడియోలో నన్ను అరుపులక్క అంటారు. భయానికి నా దగ్గరొక ఫార్ములా ఉంది. ఊపిరి సగంలో ఆపాలి. మాట మొదట్లో వణుకు పెట్టాలి. చివర్లో గొంతు పగలాలి. వణుకు లేకపోతే భయం లేనట్టే. కొత్తగా వచ్చే అమ్మాయిలకీ అదే నేర్పిస్తాను, గురువుగారిలా మొహం పెట్టి.

మార్చి 4

గొంతు పోయింది. వేడినీళ్ళు, మౌనం. ఇంట్లో తన మాటకి ఎదురులేక అమ్మ ఎంత హుషారుగా ఉందో.

మార్చి 9, ఆదివారం

అమ్మకి క్రైమ్ సీరియళ్ళ పిచ్చి ముదిరింది. మధ్యాహ్నం వెల్లుల్లి ఒలుస్తూ వరసగా మూడు హత్యలు చూస్తుంది. ఆ తర్వాత లోకంలో ఎవర్నీ నమ్మదు. పై వాటాలో ఉండే గడ్డం ఆయన పాత ఫ్యాన్లు బాగుచేసి అమ్ముకుంటాడు. ఆయనకి వచ్చే పెద్ద పెద్ద పార్శిళ్ళలో ఏముంటాయో ఆ దేవుడికే తెలియాలట. పాలు పోసే మనిషి చూపు సరిగా లేదట. లిఫ్టు రిపేరుకి వచ్చినవాడు ఊరికే నవ్వాడట, ఊరికే నవ్వేవాళ్ళే ప్రమాదమట. సీరియల్లో చివరికి ఎవడు పట్టుబడతాడో మొదటి సీన్లోనే చెప్పేస్తుంది. అందులో గొప్పేముంది? వాడి మీద కింద నుంచి లైటు వేస్తారు.

ఇవాళ చెల్లీ మరిదీ భోజనానికి వచ్చారు. మరిది లైబ్రరీలో పనిచేస్తాడు. ఆ ఉద్యోగం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది. జన్మలో గొంతు పెంచలేదు. ప్రతి వాక్యంలో ఆఖరి మాటకి ముందు ఒక్క క్షణం ఆగుతాడు, పుస్తకాన్ని అరలో చప్పుడు కాకుండా పెట్టినట్టు. కూర చాలా... బాగుంది. ఎండలు ఈసారి... ఎక్కువే. నా వృత్తి చూపుతో కొలిచాను. ఆ గొంతుకి డబ్బింగ్‌లో జేబుదొంగ వేషం కూడా రాదు. మహా అయితే హీరో స్నేహితుడి అన్నయ్య.

చెల్లికి చిన్నప్పట్నుంచీ షుగర్. రోజూ ఇన్సులిన్ తీసుకోవలసిందే. ఆ ఇంజెక్షన్ల వ్యవహారమంతా మరిది చూసుకుంటాడు. డబ్బా తనే తెచ్చాడు, టైము చూసి తనే తీసి ఇచ్చాడు. భర్తంటే అలా ఉండాలని అమ్మ నావైపు చూసి మరీ అంది, నేనేదో మంచి భర్తల్ని వరసగా తిప్పి పంపించినట్టు. చెల్లి బాగా చిక్కింది. నీళ్ళు తెగ తాగింది. డైటింగా అని అడిగాను. చెల్లి జవాబు చెప్పేలోపు మరిది అవునన్నాడు, ఈమధ్య తనకి ఒంటి మీద శ్రద్ధ... పెరిగింది అన్నాడు.

నాకు కుళ్ళుగా అనిపించింది. నా నడుము సంగతి నాకు తెలుసు.

మార్చి 14

చెల్లికి ఫోన్ చేశాను. బాగున్నా అక్కా, ఎండలు కదా, కాస్త నీరసం, అంతే అంది. మొన్నా అదే అంది. ఏదైనా గొడవా అని అడిగాను. లేదంది. జాగ్రత్తగా విన్నాను. వణుకు లేదు. ఊపిరి ఎక్కడా ఆగలేదు. గొంతు నున్నగా ఉంది. అంటే ఏమీ లేనట్టే. అనుమానం అమ్మ దగ్గర్నుంచి నాకూ అంటుకుంటోంది.

మార్చి 18, మంగళవారం

ఇవాళ విలన్ తత్వం చెప్పే రోజు. ఆ తత్వానికి గొంతు గర్జన అనే మా తోటి ఆర్టిస్టుది. విలన్లందరికీ అతనే చెబుతాడు కాబట్టి ఆ పేరు. మనిషి మాత్రం పావురాలకి గింజలు వేసి, అవి తిన్నాక చేతులు కడుక్కుని తను తినే రకం. ఇంట్లో కోడలు కేకేస్తే బాల్కనీలోకి వెళ్ళిపోతాడు.

డైలాగు రెండు పేజీలు. మరణం ఒక సంగీతం. నేను వాయిద్యకారుణ్ణి. నువ్వు తీగవి. తీగ తెగే క్షణంలోనే దాని అసలు స్వరం. ఇదంతా మొహానికి ముసుగేసుకుని, కుర్చీకి కట్టేసిన విక్టిమ్ త్రీకి చెబుతాడు. ఆ పిల్ల చంపితే చంపు గానీ ఈ ఉపన్యాసం ఆపరా బాబూ అనదు. నేను ఆ సీనంతా వెక్కుతూ వినాలి.

ఈ సినిమాల్లో చెడ్డవాడికి ఎంత తీరికో. ఉద్యోగం లేదు, కరెంటు బిల్లు లేదు, బండి సర్వీసింగ్ లేదు. పొద్దున్నే లేచి మరణం గురించి ఆలోచిస్తాడు. పైగా తెలివైనవాడు, చదువుకున్నవాడు, అందగాడు. చూసేవాళ్ళకి చచ్చినదాని మీద జాలికంటే చంపినవాడి మీద మోజు ఎక్కువ ఉండాలి, లేకపోతే సెకండ్ పార్ట్ రాదు. ఇక చావు సంగతి సరేసరి. నెత్తురు పువ్వులా విచ్చుకుంటుంది. కన్ను తెరుచుకునే ఉంటుంది, అందులో దీపం కనిపిస్తుంది. మా నాన్న పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన పక్కకి తిరిగి పడుకున్నాడనుకుని దుప్పటి సరిచేశాను. అంతే జరిగింది.

గర్జనకి మధ్యలో దగ్గొచ్చింది. జేబులోంచి బిళ్ళ తీసి చప్పరించాడు. డైరెక్టర్ కళ్ళు మూసుకుని, ఆ దగ్గు ఉంచుదామన్నాడు. అందులో లోతుందట.

మార్చి 21, శుక్రవారం, మధ్యాహ్నం

ఇంకా బూత్‌లోనే ఉన్నాను. రాస్తే తేరుకుంటానేమో.

భోజనాల టైములో చెల్లి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వినడానికి బద్ధకించి, బూత్‌లో హెడ్‌ఫోన్లకి కలిపి విన్నాను. ఎండలు ఎక్కువగా... ఉన్నాయి. అమ్మని జాగ్రత్తగా... చూసుకో. వచ్చే వారం రావడం... కుదరదు.

మళ్ళీ విన్నాను. మళ్ళీ. ఆ ఆగడాలు చెల్లివి కావు. దానికి పుట్టినప్పట్నుంచీ ఆగడమనేదే తెలియదు. ఒక మాట పూర్తికాకుండా రెండోది దూర్చి, మొదటిది మర్చిపోయి, నన్నే ఏం చెబుతున్నానని అడిగే రకం.

మా పనిలో మొదట నేర్పేది ఇదే. తెర మీద పెదవి కదిలేదాకా కాచుకోవాలి. అది ఆగినచోట ఆగాలి. మన ఊపిరి మన ఇష్టం కాదు, ఆ పెదవి ఇష్టం. అలా చెప్పిన మాటకి ముందు చిన్న వెలితి ఉంటుంది. మిగతావాళ్ళకి వినిపించదు. నాకు వినిపిస్తుంది, నేను బతికేదే ఆ వెలితిలో.

నా చెల్లి ఎదురుగా కూర్చున్న మనిషి పెదవులు చూసి మాట్లాడుతోంది. తన మాటలకి తనే డబ్బింగ్ చెబుతోంది.

వణుకు కోసం వెతికాను కదా నేను. వణుకు! నా బుద్ధి మండిపోను. నిజంగా భయపడ్డ మనిషి వణకదు. తప్పు పోకుండా చెబుతుంది.

మార్చి 23, ఆదివారం

వెళ్ళొచ్చాం. గర్జనని తోడు తీసుకెళ్ళాను. ఎందుకు? ఆ గొంతు విని మరిది జడుసుకుంటాడని. ట్యాక్సీలో దారంతా ఎవరు ముందు మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో అనుకున్నాం. ఇంట్లో మనిషి లేని టైము చూసి వెళ్ళాలన్న ఇంగితం ఇద్దరికీ లేదు. సీన్ అంటే ఎదురుగా విలన్ ఉండాలి కదా.

మరిదే తలుపు తీశాడు. రండి వదినా, చెప్పులు అక్కడ విడవండి అన్నాడు. ఇల్లు అద్దంలా ఉంది. చెల్లి కుర్చీలో కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి లేవలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మరిది నీళ్ళు తీయడానికి ఫ్రిజ్ తెరిచాడు. కూరగాయల పక్కన చిన్న స్టీలు డబ్బా, దానికి తాళం. ఇన్సులిన్ అందులోనే ఉంటుందట. ఒకసారి మతిమరుపుతో చెల్లి రెండుసార్లు తీసుకోబోయిందట, అందుకని తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడట. తన... మంచికే అన్నాడు.

అప్పుడు గర్జన తన గొంతు తీశాడు. ఈ అమ్మాయికి ఏమైనా అయిందంటే అని మొదలుపెట్టి, గోడలు అదిరేలా, స్టూడియోలో నిర్మాతలు చప్పట్లు కొట్టే గొంతుతో మొత్తం చెప్పాడు. మరిది చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. గ్లాసు కింద చిన్న గుడ్డముక్క సర్దాడు. మీకు గొంతు నొప్పిగా ఉన్నట్టుంది, కాస్త గోరువెచ్చగా ఇవ్వమంటారా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. గర్జన నీళ్ళు తాగేశాడు.

నేను చెల్లితో పద, చెప్పులు వేసుకో అన్నాను. తనకిష్టమైతే వెళ్ళమనండి వదినా, నేనేం కట్టేయలేదు కదా అన్నాడు మరిది. చెల్లి నావైపు చూడలేదు, అతని పెదవుల వైపు చూసింది. బాగున్నా అక్కా, ఎండలు కదా అంది.

వచ్చేశాం. ట్యాక్సీలో గర్జన సీన్ పండిందన్నాడు, వాడికి భయం పట్టుకుని ఉంటుందన్నాడు. అవునన్నాను.

మార్చి 24

పోలీస్ స్టేషన్. ఇన్‌స్పెక్టర్ నా పని ఏమిటో తెలిసి ముచ్చటపడ్డాడు, ఒక అరుపు వినిపించమన్నాడు. తర్వాత విషయం విన్నాడు. కొట్టాడా? లేదు. తాగుతాడా? లేదు. ఇంకొక ఆడది? లేదు. ఒంటి మీద గాయం, నెత్తురు, ఏదో ఒకటి? లేదు. మరి కేసేమిటమ్మా అన్నాడు. ఫ్రిజ్‌లో తాళం వేసిన డబ్బా అన్నాను. మందులు భద్రంగా పెట్టే మొగుడు మా ఆవిడకి కూడా దొరికితే బాగుండునన్నాడు.

అమ్మకీ చెప్పాను. అతను ఒక్కనాడైనా అరిచాడటే అంది. అరవడానికీ దీనికీ ఏమిటే సంబంధం అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఆవిడకి నేర్పింది ఎవరు? మేమే. ఇన్నేళ్ళుగా చెడ్డతనానికి ముసుగులేసి, వయొలిన్ ఇచ్చి, గర్జన గొంతు పెట్టి అందరి ఇళ్ళకీ పంపించాం. జనం సినిమాలు చూసి హత్యలు నేర్చుకుంటారని పేపర్లో రాసే పెద్దమనుషులకి బుర్ర లేదు. హత్యలు ఎవరికీ రాలేదు. తలుపు తీసి మంచినీళ్ళు ఇచ్చేవాడిని నమ్మడం మాత్రం అందరికీ వచ్చింది, నాతో సహా.

మార్చి 25, మంగళవారం, హాస్పిటల్

చెల్లి పొద్దున్నుంచి ఫోన్ తీయలేదు. అతను లైబ్రరీకి వెళ్ళే టైము చూసి వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి డైలాగులు ఏమీ అనుకోలేదు. తలుపుకి తాళం లేదు, గడియ కూడా లేదు. అతను చెప్పింది నిజమే, కట్టేయలేదు.

మంచం మీద ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి లోతుగా, గబగబా తీస్తోంది, పరిగెత్తి వచ్చిన మనిషిలా. నోటి దగ్గర పండు మాగిపోయిన వాసన. పిలిచాను. పలకలేదు. ఇన్ని సినిమాల్లో ఇన్ని చావులు చచ్చానా, ఈ ఊపిరి చెప్పమని నన్ను ఒక్కడూ అడగలేదు. పక్క గదిలో ఉన్నా వినిపించేది కాదు. కిటికీ బయట ఎవరో బట్టలు ఆరేస్తూ పాడుకుంటున్నారు.

ట్యాక్సీ డ్రైవరూ నేనూ కలిసి మోశాం. ఒంట్లో ఇన్సులిన్ అసలు లేదని, సాయంత్రం దాకా ఆగి ఉంటే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పట్నుంచి మానేసిందని నన్నే అడిగింది.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. నేను కూడా వణకడం లేదు.

మార్చి 26

కళ్ళు తెరిచింది.

మార్చి 27, గురువారం

చెల్లి డాక్టరమ్మకి చెప్పింది. నన్ను ఉండమంది, కానీ మాట్లాడవద్దంది.

మొదట్లో శిక్షలు చిన్నవట. కూరలో ఉప్పెక్కువైతే ఇంజెక్షన్ ఒక గంట ఆలస్యం. తను లేనప్పుడు ఫోన్‌లో మాట్లాడితే ఒక పూట ఆలస్యం. ఎప్పుడూ తిట్టలేదట, చెయ్యెత్తలేదట. తాళంచెవి జేబులో వేసుకుని, నువ్వే ఆలోచించుకో అని చెప్పి ఆఫీసుకి వెళ్ళేవాడట. ఆకలి, దాహం, నీరసం, ఇవన్నీ ఆలోచన వస్తోందనడానికి గుర్తులని నచ్చచెప్పేవాడట. డబ్బూ మందుల చీటీలూ అన్నీ అతని దగ్గరే.

ఆదివారం మేం వెళ్ళొచ్చాక డబ్బా తెరవలేదట. నీవాళ్ళు వచ్చి ఇంట్లో గొంతు... పెంచారు అన్నాడట.

అంటే మేం ఆడిన సీన్‌కి శిక్ష అది పడుకుని అనుభవించింది. గర్జనకి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత వచ్చి వార్డు బయట బెంచీ మీద కూర్చుని, పొద్దుపోయేదాకా కదల్లేదు.

మార్చి 28

మరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పళ్ళ సంచి. నర్సుల్ని మెల్లగా అడిగి, శానిటైజర్ రాసుకుని లోపలికి రాబోయాడు. ఎంత మర్యాదస్తుడని ఒక నర్సు ఇంకొక నర్సుతో అంటోంది. నేను లేచేలోపు అమ్మ లేచింది. నిన్న చెల్లి చెప్పిందంతా రాత్రే ఆవిడకి చెప్పాను. నేరుగా వెళ్ళి అతని ముందు చెయ్యి చాపి, తాళంచెవి ఇవ్వమంది.

బుకాయిస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. ముసుగు జారే సీన్ కోసం, ఇంకా సిగ్గులేకుండా, నేను ఎదురుచూశాను. అతను కీచెయిన్ తీసి, గోటితో రింగు విప్పి, చిన్న తాళంచెవి వేరు చేసి అమ్మ చేతిలో పెట్టాడు. జాగ్రత్త అత్తయ్యా, డూప్లికేట్... లేదు అన్నాడు. పళ్ళ సంచి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ముసుగు ఉంటే కదా జారడానికి.

ఏప్రిల్ 2

డాక్టరమ్మ రిపోర్టు రాసిచ్చాక ఇన్‌స్పెక్టర్ కేసు కట్టాడు. ఈసారి అరవమని అడగలేదు. మరిది బెయిల్ మీద ఉన్నాడు, లైబ్రరీకి వెళ్తున్నాడు. అక్కడివాళ్ళు నమ్మడం లేదట, అంత నెమ్మదైన మనిషా అంటున్నారట.

ఏప్రిల్ 9, బుధవారం

స్టూడియో. విక్టిమ్ త్రీ చావు మళ్ళీ చెప్పాలి, క్లైమాక్స్ మార్చారు. ఇప్పుడు విలన్ గాజు పైకప్పు మీద నుంచి పడి చస్తాడు, వాడి గుడ్లగూబ వచ్చి పక్కన వాలుతుంది. వాడి చావుకి నలభై మంది వయొలిన్లు. దాని చావుకి నేను.

డైరెక్టర్‌తో నాకు తెలిసింది చెప్పాను. మనిషి అరవకుండానే పోతుంది, చంపేవాడు ఆ టైముకి ఆఫీసులో ఉంటాడు, పుస్తకాల మీద దుమ్ము దులుపుకుంటాడు అన్నాను. అతను నిజంగానే ఆలోచించాడు. ఐడియా ఫ్రెష్‌గా ఉందన్నాడు. కానీ అరవకుండా చస్తే ఆడియన్స్‌కి చచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నాడు. తర్వాత, ఆ లైబ్రేరియన్‌కి ఏదైనా చిన్నప్పటి గాయం పెడితే వర్కవుట్ అవుతుందేమో అన్నాడు.

ఛీ అన్నాను. మైకు ఆన్‌లో ఉంది, రికార్డయింది.

తర్వాత అరిచాను. నాకూ ఇల్లు గడవాలి. ఊపిరి ఆపి, వణికించి, పగలగొట్టి, వాళ్ళకి కావలసినట్టు అరిచాను. అందరూ బాగుందన్నారు. గర్జన మాత్రం తల దించుకుని బిళ్ళ కాగితం మడత పెడుతున్నాడు.

ఏప్రిల్ 15

చెల్లి మా ఇంట్లోనే. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో, గుడ్ల పక్కన, అందరికీ కనిపించేలా పెట్టాను. తీసుకునే ముందు ఇప్పటికీ నా మొహం చూస్తుంది. నేను గోడ వైపు తిరుగుతాను. మాట్లాడితే వాక్యం చివర ఇంకా ఆగుతోంది. ఆ వెలితి వినిపించినప్పుడల్లా నాకు వాడి పీక పిసకాలనిపిస్తుంది. అక్షరాలా.

అమ్మ సీరియళ్ళు మానలేదు. కాకపోతే ఇప్పుడు అనుమానమంతా నున్నగా గడ్డం గీసుకున్నవాళ్ళ మీదే. పై వాటా ఆయన చెల్లి గదికి ఒక ఫ్యాన్ బిగించి వెళ్ళాడు. ఆయనకి టీ ఇచ్చి, పార్శిళ్ళలో ఏముంటాయని అమ్మ మొహం మీదే అడిగేసింది. రెక్కలట.

ఏప్రిల్ 26, ఉదయం

వంటింట్లోంచి అరుపు. వెళ్ళేసరికి చెల్లి స్టూలెక్కి ఉంది, కింద బొద్దింక. పై వాటా ఆయన స్క్రూడ్రైవర్‌తో పరిగెత్తుకొచ్చాడు. చెల్లి అరుపులో ఊపిరి ఆగలేదు, మొదట్లో వణుకు లేదు, చివర్లో పగల్లేదు, మధ్యలో ఒక బూతు కూడా ఉంది. నా ఫార్ములాలో ఒక్కటీ లేదు. ఎక్కడా ఆగలేదు.

మళ్ళీ అరవమన్నాను.

అరిచింది.